సగటు కన్ను

కరువును రద్దు చేసిన మనిషి తమకు కొత్త డైరెక్టరుగా వస్తున్నాడని డాక్టర్ పొట్నూరు నీలవేణికి సోమవారం ఉదయం పదిన్నరకు తెలిసింది. పదకొండుకల్లా ఆయన వచ్చేశాడు.

ఆయన పేరు సర్వోత్తమరావు. పాతికేళ్లు వర్షపాతం లెక్కల శాఖలో పనిచేశాడు. ఒక మండలంలో చుక్క పడకపోయినా, పక్క మండలం పీకల్లోతు నీళ్లలో మునిగినా, రెండింటినీ కూడి రెండుతో భాగించి 'జిల్లాలో సాధారణ వర్షపాతం' అని రాసి పంపేవాడు. ఎండిన మండలం రైతులూ మునిగిన మండలం రైతులూ కలిసి ఒకనాడు ఆయన ఆఫీసు ముందు బైఠాయిస్తే, మీ ఇద్దరి బాధా కలిపి చూస్తే అసలు బాధే లేదని నచ్చజెప్పి పంపాడని చెప్పుకుంటారు. ఆయన హయాంలో ఆరేళ్లపాటు ఆ జిల్లాకు కరువూ లేదు, వరదా లేదు. అలాంటి మనిషిని ప్రభుత్వం ప్రాంతీయ నేత్ర పరిశోధన కేంద్రానికి ఎందుకు పంపిందంటే, కంటి ఒత్తిడిని కూడా మిల్లీమీటర్లలోనే కొలుస్తారు. నియామకపు ఉత్తర్వులో ఆ సంగతి స్పష్టంగా ఉంది: 'మిల్లీమీటర్ల రంగంలో విశేషానుభవం దృష్ట్యా'.

కేంద్రం ముందు భాగంలో కంటి ఆసుపత్రి, వెనక భాగంలో జంతుశాల. నీలవేణి రాజ్యం వెనక భాగం. అక్కడ నలభై ఎలుకలున్నాయి. ప్రతి ఎలుకకూ కుడి కంట్లోకి ఇసుక రేణువు కన్నా చిన్నవైన పూసల్ని ఎక్కించి, కంటిలోని నీరు బయటికి పోయే దారిని ఆమె మూసింది. దారి మూసుకుంటే నీరు నిలుస్తుంది. నీరు నిలిస్తే ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి వెనక, చూపును మెదడుకు మోసుకెళ్లే నాడీ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చచ్చిన కణం మళ్లీ పుట్టదు. మనుషుల్లో నీటికాసుల జబ్బు సరిగ్గా ఇలాగే చూపు తినేస్తుంది. ఏ వారం ఎన్ని కణాలు పోతున్నాయో, వాటిని ఎప్పటిదాకా కాపాడవచ్చో తేల్చడం నీలవేణి పని. ఎడమ కంటిని మాత్రం ముట్టుకోదు. పాడైన కన్ను ఎంత పాడైందో చెప్పడానికి పక్కన ఒక మంచి కన్ను ఉండాలి కదా.

ఈ సంగతంతా ఆమె కొత్త డైరెక్టరుకి ఇరవై నిమిషాలు వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. వింటున్నంతసేపూ ఆయన చూపు మాత్రం గోడ మీది తెర మీదే ఉంది. కొలత యంత్రంలో నమోదైన ప్రతి అంకె దానంతటదే రాష్ట్ర ఆరోగ్య పోర్టల్‌కి వెళ్తుంది. ఇరవై ఒకటి దాటితే ఎరుపు, లోపుంటే ఆకుపచ్చ. తెర మీద నలభై కుడి కళ్లూ ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఈ ఎరుపుదనానికి బాధ్యులెవరు?" అని అడిగాడు సర్వోత్తమరావు.

"నేనేనండి. ప్రయోగమే అది."

"డాక్టరుగారూ, సమతుల నేత్ర జిల్లా పురస్కారానికి మన పేరు ప్రతిపాదనలో ఉన్నది. ఒక్క ఎర్ర గడి ఉన్ననూ ప్రతిపాదన తిరస్కరించబడును. ఒక ప్రాణికి కళ్లెన్ని?"

రెండని చెప్పింది నీలవేణి.

"మరి మీరు ఒక్క కంటినే చూపి ప్రాణి మొత్తానికి ఎరుపు పూయుట ఏ న్యాయం?"

ఆయన జేబులోంచి కాలిక్యులేటర్ తీశాడు. కుడి కన్ను ముప్పై రెండు, ఎడమ కన్ను పన్నెండు, కలిపితే నలభై నాలుగు, భాగిస్తే ఇరవై రెండు. ఇంకా ఒకటి ఎక్కువ. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఎండిన మండలాలను తడిపిన అనుభవంతో పరిష్కారం చెప్పాడు. ఎడమ కంట్లో ఒత్తిడి తగ్గించే చుక్కలు వేసి దాన్ని పదికి దించాలి. అప్పుడు సగటు ఇరవై ఒకటి. ఆకుపచ్చ.

బాగున్న కంటికి మందు వేసి, బాగోలేని కంటిని వదిలేయమంటున్నారా అని నీలవేణి అడిగింది. వదిలేయడం కాదు, సమతుల్యం చేయడం అన్నాడాయన. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

జంతుశాల సంరక్షకుడు అసిరయ్య ఆ ఉత్తర్వును చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఎలుకలకు మేత, నీళ్లు, ఊక పరుపు అన్నీ ఆయన చేతుల మీదుగానే. ఏ ఎలుక అలిగిందో, ఏది పక్కదాని తిండి దొంగిలిస్తుందో బోను చూడకుండానే చెప్పగలడు.

"డాట్రమ్మా, మా ఊళ్లో సెరువు తూము పూడిపోతే తూము తవ్వుతారు. పక్క సెరువులో నీళ్లు తోడి ఇది నిండలేదనరు," అన్నాడు.

"నీకు తెలిసినంత ఆయనకు తెలిస్తే నీ ఉద్యోగం ఆయన చేస్తుండేవాడు, బాబాయ్," అంది నీలవేణి.

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటికి నవ్వుకోవచ్చు. ఎలుకల సంగతే కదా.

నెల తిరగకుండానే సగటు కన్ను జంతుశాల గోడ దాటి ఆసుపత్రిలోకి నడిచింది. ఇకపై ఏ రోగికీ రెండు కళ్లు విడివిడిగా నమోదు చేయరాదు. రెండింటి సగటే ఆ మనిషి కన్ను. ఆ వారం నీటికాసుల విభాగం ముందు వరుస సగానికి తగ్గింది. రెండో వారం కుటుంబ యూనిట్ వచ్చింది. రేషను కార్డు ఒకటైనప్పుడు కన్ను మాత్రం ఒకటెందుకు కాకూడదని సర్వోత్తమరావు సమీక్షా సమావేశంలో ప్రశ్నించాడు. ఒక లారీ డ్రైవరుకి రెండు కళ్లలోనూ ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు ఉన్నాయి. అతని భార్య కళ్లు నిక్షేపంగా పన్నెండూ పన్నెండు. నాలుగు కళ్లు కలిపి నాలుగుతో భాగిస్తే పందొమ్మిదిన్నర. దంపతులిద్దరికీ ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చి, ఇకముందు కూడా ఇలాగే అన్యోన్యంగా ఉండమని దీవించి పంపారు.

నెలాఖరుకి కేంద్రం గేటు పక్కన ఒక పెద్ద బోర్డు వెలిసింది. 'నేటి జిల్లా కన్ను: 15.2 మి.మీ. సాధారణం.' ఇక విడివిడిగా ఎవరి కన్ను ఎలా ఉందో అడగడం సంకుచితత్వమని కొత్త సర్క్యులర్ చెప్పింది.

నీలవేణి ఊరుకోలేదు. ఎనిమిది వారాలు పూర్తయిన ఎలుకల కంటి ఫొటోలు తీసుకుని డైరెక్టరు గదికి వెళ్లింది. ఎడమ కంటి ఫొటోలో నాడీ కణాలు అమావాస్య నాటి చుక్కల్లా కిక్కిరిసి ఉన్నాయి. కుడి కంటి ఫొటోలో ఆ చుక్కల మధ్య నల్లటి ఖాళీలు. నూటికి నలభై పోయాయి.

ఆయన రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇట్లు చూసిన ఖాళీయే లేదు గదా," అన్నాడు. పైగా ఒక కంట్లో వంద, ఇంకో కంట్లో అరవై అంటే సగటున ఎనభై శాతం కణాలు బతికున్నాయనీ, అది డిస్టింక్షన్ అనీ ఆమెను అభినందించి పంపాడు.

ఆమె గదికి తిరిగి వచ్చేసరికి అసిరయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఎలుకల కబుర్లతో వచ్చే మనిషి, ఆ రోజు తన సొంత కబురుతో వచ్చాడు.

"డాట్రమ్మా, ఒకటి సెప్తాను, కంగారు పడకు. పొద్దున్న ఊక దులుపుతుంటే ఎడం కంట్లో నలుసు పడింది. ఆ కన్ను మూసీసి సూసినాను. గదిలో నాలుగు వరసలు బోనులుండాలా? నడిమి రెండు వరసలే ఉన్నాయి. మిగతావి ఎవులైనా అట్టుకుపోనారేమో అనుకున్నాను. కన్ను తెరిస్తే మళ్లీ ఉన్నాయి."

నీలవేణి చేతిలోని ఫొటోలు పక్కన పెట్టేసింది. ఇలాంటి వర్ణన ఆమె పుస్తకాల్లో వందసార్లు చదివింది. గొట్టంలోంచి చూసినట్టు, పక్కలన్నీ చెరిగిపోయి నడుమ మాత్రం మిగలడం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తనే కొలిచింది. కుడి కన్ను ముప్పై ఒకటి. ఎడమ కన్ను తొమ్మిది.

యంత్రం కిచకిచలాడింది. తెర మీద 'బొడ్డేపల్లి అసిరయ్య, 20, సాధారణం' అని ఆకుపచ్చగా పడింది.

ఆమె చుక్కల మందు తెచ్చి ఆ పూటే మొదలుపెట్టింది. పది రోజులకు ముప్పై ఒకటి ఇరవై ఏడైంది, అక్కడే ఆగిపోయింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు చూసి, చుక్కలతో లాభం లేదు, ఆపరేషన్ చేసి నీరు పోయే కొత్త దారి తియ్యాలి, మూడు వారాలు దాటితే ఆ కంట్లో మిగిలినది కూడా మిగలదు అన్నాడు. చెయ్యండి అంది నీలవేణి. పోర్టల్‌లో ఎరుపు లేనిదే థియేటరు తలుపు తెరుచుకోదు అన్నాడాయన. పోనీ వైజాగ్ పంపుదామంటే ఉద్యోగుల ఆరోగ్య కార్డు అడిగేదీ ఆ ఎరుపునే.

మళ్లీ డైరెక్టరు గది. ఈసారి అసిరయ్యను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది.

సర్వోత్తమరావు అసిరయ్యను ఆప్యాయంగా కూర్చోమన్నాడు. కేసంతా విని తల పంకించాడు. ఈ ఒక్క గడినీ ఎరుపు చేస్తే రేపు ప్రతివాడూ తన కన్ను తనకు విడిగా కావాలంటాడని, వ్యక్తివాదం ఇలాగే మొదలవుతుందని విచారపడ్డాడు.

"ఆ కన్ను పోతుందండి," అంది నీలవేణి.

"తొందరపాటు వద్దు. పోయిందనుకొనుడు. ఒక కంట సున్నా, ఇంకొక కంట నూరు. సగటున ఏబది శాతం చూపు. ఉత్తీర్ణతకు ముప్పై ఐదు చాలును. అసిరయ్య ఎటు చూసినా పాస్."

అసిరయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు. "బాబూ, మీకు రెండు కాళ్లున్నాయి గదా. ఒకటి నిప్పుల్లోనూ ఒకటి మంచుగడ్డ మీదా ఎడితే, మీకు హాయిగా ఉంటాదా?"

డైరెక్టరు దాని గురించి తీవ్రంగా ఆలోచించాడు. "దాని మీద నివేదిక పంపండి," అన్నాడు చివరికి.

ఒక వారం పోయింది. నీలవేణి రాష్ట్ర కార్యాలయానికి మూడు లేఖలు రాసింది. మూడింటికీ కలిపి ఒక సగటు జవాబు వచ్చింది. రెండో వారం మధ్యలో కుడి కంటితో ఎలుక తోక మీది నంబరు వెతికి వెతికి చదవాల్సొస్తోందని అసిరయ్య మామూలుగా చెప్పాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. ఆయన చెప్పిన తీరుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. ఇంక తొమ్మిది రోజులున్నాయి.

ఆ రోజే, ముందు కబురు లేకుండా, జంతు సంక్షేమ పరిశీలకురాలు డాక్టర్ ఎస్తేరు రాణి జీపు దిగింది.

ఎస్తేరు రాణి పశువైద్యురాలు. ప్రయోగశాలల్లో జంతువుల్ని నియమం ప్రకారం చూస్తున్నారో లేదో తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. ఆమె సంతకం పెడితే ఏ ప్రయోగశాలైనా మూతపడుతుంది. టీ వద్దంది. ఎలుకల్ని ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుని చూసింది. కుడి కళ్లకు అనుమతి పత్రం ఉంది, పన్నెండు వారాల గడువూ ఉంది, నొప్పి తెలియకుండా చేసిన ఏర్పాటూ ఉంది. పత్రం పక్కన పెట్టి ఎడమ కళ్ల దగ్గర ఆగింది.

"ఈ కంట్లో చుక్కలు ఎవరు వెయ్యమన్నారు?"

నీలవేణి ఉత్తర్వు చేతికిచ్చింది. పరిశీలకురాలు దాన్ని రెండుసార్లు చదివి నేరుగా డైరెక్టరు గదిలోకి నడిచింది. సగటు గురించి ఆయన మొదలుపెట్టిన ఉపన్యాసం రెండో వాక్యం దగ్గరే తెగిపోయింది.

"రావుగారూ, నా నిబంధనల్లో సగటు ఎలుక లేదండి. ఏ ఎలుక ఆ ఎలుకే, ఏ కన్ను ఆ కన్నే. అనుమతి జాబితాలో లేని ఒక్క కంటికి బాధ కలిగినా ఇరవై నాలుగు గంటల్లో వైద్యం జరగాలి. ఆపరేషనైతే ఆపరేషన్. లేకపోతే రేపు ఈ కేంద్రానికి తాళం వేస్తాను. మీ పురస్కారం వాళ్లకీ ఓ కాపీ పంపుతాను."

పాతికేళ్ల ఉద్యోగంలో సర్వోత్తమరావు ఎన్నో ధర్నాలు చూశాడు గానీ తాళం ఎప్పుడూ చూడలేదు. గంటలో అత్యవసర ఉత్తర్వు తయారైంది. జంతుశాల వరకు సగటు విధానం నిలిపివేయబడినది. సదరు శాలయందు నివసించుచు, కేంద్రము పెట్టు ఆహారము భుజించుచు, కేంద్రమువారి సంఖ్య కలిగియున్న ప్రతి ప్రాణికి ప్రతి కన్ను విడిగా పరిగణించి, అనుమతి జాబితాలో లేని కంటికి ఇరవై నాలుగు గంటలలో ఉచిత శస్త్రచికిత్స చేయవలెను. పోర్టలులో ఎరుపునకు వేచియుండరాదు.

నీలవేణి ఆ కాగితాన్ని ఒకసారి చదివింది. తర్వాత ఒక్కో మాట మీదా వేలు పెట్టి మళ్లీ చదివింది.

జంతుశాలలో నివసించుచు. అసిరయ్య ఉండేది జంతుశాలకు ఆనుకుని కట్టిన గదిలో. కేంద్రం పెట్టే ఆహారం. క్యాంటీన్లో మూడు పూటలా. కేంద్రంవారి సంఖ్య. ఆయన చొక్కా జేబుకి వేలాడుతోంది. ప్రాణి. అందులో ఎవరికీ సందేహం లేదు, డైరెక్టరుకి తప్ప.

ఆమె అసిరయ్యను పిలిచి ఉపాయం చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అంటే నానెలకనైపోవాలా?"

"కాగితం మీద, బాబాయ్. ఒక్క రోజు."

"కాయితం మీద నాను మనిసినై ఇరవై రెండేళ్లయింది, ఏటి ఒరిగింది? రాసీ తల్లీ. మా ఇంటిదానికి మాత్రం సెప్పకు. బోనులో పడుకోమంటాది."

నీలవేణి రిజిస్టరు తెరిచి నలభై ఒకటో నంబరు వేసింది. లింగం: మగ. రంగు: చామనఛాయ. వయసు దగ్గర కలం ఆగింది, ఏ ఎలుకా రెండున్నరేళ్లకు మించి బతకదు. అయినా అబద్ధం రాయదలచుకోలేదు. యాభై నాలుగు సంవత్సరాలు అని రాసింది. బరువు: యాభై ఎనిమిది కిలోలు. కుడి కన్ను: ఇరవై ఏడు. అనుమతి జాబితాలో: లేదు. ఆ వివరాలన్నీ శస్త్రచికిత్స ఫారంలోకి ఎక్కించింది.

ఎస్తేరు రాణి ఆ ఫారం మీద తన సంతకం దగ్గర ఆగి, వయసు చూసింది, బరువు చూసింది, తలెత్తి అసిరయ్యను చూసింది.

"కరుస్తుందా?" అని నీలవేణిని అడిగింది.

"లేదండి. మంచి స్వభావం."

పరిశీలకురాలు సంతకం పెట్టేసింది.

మిగిలింది డైరెక్టరు సంతకం. నీలవేణి ఫారం ఆయన బల్ల మీద పెట్టింది. ఆ వయసు మీద ఆయన చూపు ఒక్కసారి పడితే చాలు, అంతా అయిపోతుంది. కానీ సర్వోత్తమరావు జీవితంలో ఎన్నడూ ఒక్క వరుసను చదివి ఎరగడు. తిన్నగా పేజీ అడుగున ఉండే సారాంశానికి వెళ్లాడు. మొత్తం ఎలుకలు: నలభై ఒకటి. మొత్తం బరువు: డెబ్బై కిలోలు. కాలిక్యులేటర్ తీశాడు. సగటు బరువు ఒక కిలో ఏడు వందల గ్రాములు.

"గత నెల మూడు వందల గ్రాములు గదా?"

"అవునండి."

"మన హయాంలో ఐదు రెట్లు పైగా వృద్ధి." ఆయన ముఖం వెలిగిపోయింది. "జంతు సంక్షేమమన్న ఇదీ. ఆ పరిశీలకురాలికి ఈ అంకె చూపితిరా?" అంటూ ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, కింద 'కృషి అభినందనీయం' అని కూడా రాశాడు.

మరునాడు ఉదయం పెద్ద డాక్టరు నలభై ఒకటో ఎలుకకు కుడి కంటిలో నీరు పోయే కొత్త దారి తీశాడు. మత్తు సూది ఇచ్చే ముందు నర్సు అలవాటు ప్రకారం పేరు అడిగితే, అసిరయ్య నిజాయితీగా నంబరు చెప్పాడు. నాలుగో రోజు కట్టు విప్పి కొలిస్తే పదమూడు. పోయిన వరుసలు తిరిగి రాలేదు, రావు కూడా. కానీ నడిమి రెండు వరసల బోనులూ నిలిచాయి. ఎడమ కన్ను చేత్తో మూసుకుని ఆయన మొదటి బోను దగ్గరికి వెళ్లి, తోక మీది నంబరు పెద్ద గొంతుతో చదివాడు. నీలవేణి సరిచూసింది. తప్పు లేదు.

ఈ వార్త బయటికి ఎలా పొక్కిందో తెలియదు. నర్సు వాళ్ల చెల్లెలికి చెప్పి ఉండవచ్చు, క్యాంటీన్లో అసిరయ్యే గొప్పగా చెప్పుకుని ఉండవచ్చు. మరుసటి సోమవారం నీలవేణి వచ్చేసరికి ఆసుపత్రి ముందు భాగం బోసిపోయి ఉంది. అక్కడ ప్రతి మనిషీ సాధారణం. వెనక, జంతుశాల తలుపు దగ్గర మాత్రం వరుస కాంపౌండు గోడ మలుపు తిరిగి సముద్రం రోడ్డు దాకా సాగింది. చేపలమ్మే ఆడవాళ్లు, జూట్ మిల్లు కార్మికులు, ఒక రిటైర్డు తెలుగు మాస్టారు. అందరి చేతుల్లోనూ ఆకుపచ్చ ధ్రువపత్రాలు. కొందరు ముందుజాగ్రత్తగా పక్కబట్టలు కూడా తెచ్చుకున్నారు, జంతుశాలలో నివసించాలని నియమమట గదా అని.

ఆమె తలుపు తీసి, బల్ల వేయించి, రిజిస్టరు తెరిచింది. నలభై రెండు అని వేసి కలం పట్టుకుంది. వరుసలో మొదట నిలబడ్డ ముసలమ్మ ముందుకు వంగి, పేజీ పైన అచ్చైన బొమ్మ ఎలుకదో కాదో తడిమి చూసుకుంది. అదేనని ఖాయమయ్యాక నెమ్మదించింది.

"పేరు చెప్పమ్మా," అంది నీలవేణి.

"పేరెందుకు తల్లీ," అంది ముసలమ్మ. "ఎడం కన్ను."